ఐదు మీటర్ల డ్రైన్ స్ప్రింగు: ఆరేళ్ళ వాడకం తర్వాత

మూసుకుపోయిన పైపులోకి దూర్చి అడ్డం తీసే తీగ స్ప్రింగు ఇది, నెల్లూరులో ఏ హార్డ్‌వేర్ అంగట్లోనైనా దొరికే మామూలు రకమే. లావు 6 మిల్లీమీటర్లు, పొడవు 5 మీటర్లు. ఒక కొసన ఉబ్బెత్తు చుట్ట, రెండో వైపు చేత్తో తిప్పే వంకర పిడి, పిడిని స్ప్రింగుకు బిగించే మర. ఆరేళ్ళుగా ఒక వంటింటి సింకు, రెండు వాష్‌బేసిన్లు, రెండు బాత్రూముల మీద వాడిన తర్వాత తేలింది ఇదీ: సింకుకీ బేసినుకీ ఇంతకు మించింది అక్కర్లేదు, బాత్రూము జాలీకి సగం పనిచేస్తుంది, లెట్రిన్‌కి అసలు పనికిరాదు.

స్ప్రింగు బయటికి తీసేముందు ఇంటి వెనక చాంబరు, అంటే ఇంటి మురుగు పైపులు వచ్చి కలిసే గుంట, మూత ఎత్తి చూడాలి. చాంబరు ఖాళీగా ఉంటే అడ్డం ఇంటి లోపలి పైపులోనే ఉంది. నిండి ఉంటే తప్పు చాంబరు అవతల, వీధి వైపు ఉంది, లోపల ఎంత తిప్పినా దండగే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వాయుగుండాలు పట్టినప్పుడు సైడు కాలవ నిండి నీళ్ళు వెనక్కి తంతాయి. పల్లంలో ఉన్న ఇళ్ళలో బాత్రూములో నీళ్ళు పైకి రావడానికి చాలాసార్లు ఇదే కారణం. అప్పుడు కాలవ తీసేదాకా ఆగడమే.

సింకు సంగతికొస్తే, జాలీలోంచి స్ప్రింగు దూర్చడం అందరూ చేసే తప్పు. కింద బాటిల్ ట్రాప్ (వాసన పైకి రాకుండా అడుగున కాస్త నీళ్ళు నిలిపే సీసాలాంటి భాగం) మలుపులో అది ఇరుక్కుంటుంది, లేదా ప్లాస్టిక్కును గీరేస్తుంది. కింద బకెట్ పెట్టి, ట్రాప్ అడుగు గిన్నెను చేత్తో తిప్పి ఊడదీయాలి. పానా వాడితే ప్లాస్టిక్ మరలు అరుగుతాయి. సగం కేసుల్లో అడ్డం ఆ గిన్నెలోనే దొరుకుతుంది: చింతపండు పిప్పి, చేప పొలుసులు, వాటిని అంటించి పెట్టిన నూనె మడ్డి. చేపల పులుసు వండిన మర్నాడే సింకు మొరాయించడం ఇక్కడి ఇళ్ళలో వింతేమీ కాదు. గిన్నె కడిగి, రబ్బరు వాషరు చితికిపోయి ఉంటే మార్చి బిగిస్తే పని అయిపోయింది.

గిన్నె శుభ్రంగా ఉండి కూడా నీళ్ళు పోకపోతేనే గోడలోని పైపులోకి స్ప్రింగు పంపాలి. పిడికి అవతల జానెడు స్ప్రింగు మాత్రమే వదిలి మర బిగించి, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పుతూ లోపలికి పంపాలి. ఆ జానెడు పోయాక మర వదులు చేసి పిడి వెనక్కి జరపాలి. బారెడు వదిలి తిప్పితే మధ్యలో ముడిపడుతుంది. ఒకసారి మడత పడిన స్ప్రింగు మళ్ళీ తిన్నగా కాదు, ప్రతిసారీ అక్కడే వంగుతుంది. ఎదురు తిప్పితే చుట్టలు విచ్చుకుంటాయి, అందుకని బయటికి లాగేటప్పుడు కూడా అదే వైపు నెమ్మదిగా తిప్పాలి.

తగిలింది మలుపో అడ్డమో చేతికే తెలుస్తుంది. మలుపు గట్టిగా తగిలి, రెండు చుట్లు తిప్పగానే జారిపోతుంది. జిడ్డయితే మెత్తగా దిగబడుతుంది. వెంట్రుకలయితే పిడి వెనక్కి తిరగబోతుంది. అప్పుడు నెట్టొద్దు, ఇంకో నాలుగు చుట్లు తిప్పి లాగితే ఉండ మొత్తం చివరి చుట్టకు చిక్కుకుని వస్తుంది. ఆ తర్వాత ట్రాప్ బిగించి, సింకు రంధ్రానికి మూత పెట్టి నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదలాలి. రెండు మూడు సార్లు అలా చేస్తే ఊడిన మడ్డి చాంబరు దాకా కొట్టుకుపోతుంది. సన్నగా కొళాయి విప్పి వదిలేస్తే కొంచెం దూరం పోయి మళ్ళీ పేరుకుంటుంది.

అడ్డం కరిగించడానికి పైపులో పోసే డ్రైన్ క్లీనర్ పొడి మీద పూర్తిగా కోపం లేదు గానీ, దాని చోటు వేరు. అందులో ప్రధానంగా ఉండేది కాస్టిక్ సోడా. జిడ్డును సబ్బుగా మార్చి కరిగిస్తుంది, నీళ్ళు తగలగానే బాగా వేడెక్కుతుంది. నీళ్ళు కొంచెమయినా కదులుతున్న పైపులో మాత్రమే అది పనికొస్తుంది. పూర్తిగా మూసుకున్న పైపులో పోస్తే ట్రాప్ అడుగున రాయిలా గడ్డకట్టి రెండో అడ్డం తయారవుతుంది. పైగా ఆ తర్వాత ట్రాప్ విప్పేవాళ్ళ చేతులు కాలతాయి. పొడి వాడి ఉంటే ప్లంబరుకు ఆ మాట ముందే చెప్పాలి. దాని మీద ఆసిడ్ పోయడం, ఆసిడ్‌నీ బ్లీచింగునీ కలపడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. బ్లీచింగుకు ఆసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. వంటసోడా, వెనిగర్ కలిపి పోస్తే నురగ బాగానే వస్తుంది, అడ్డం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఉప్పునీళ్ళ లాంటిదే.

మరిగే నీళ్ళు కూడా వద్దు. పీవీసీ పైపు మెత్తబడి కీళ్ళ దగ్గర వదులవుతుంది. చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చాలు.

బాత్రూములో ముందు జాలీ ఎత్తి, దాని కింద నేలలో ఉండే నహానీ ట్రాప్‌లోని గిన్నె తీసి, కుంకుడు పిప్పి, వెంట్రుకలు చేత్తోనే తీయాలి. పళ్ళున్న ప్లాస్టిక్ పట్టీ ఇక్కడ స్ప్రింగు కంటే నయం. బోరు నీళ్ళు చవ్వగా (ఉప్పగా) ఉన్న ఒంగోలు లాంటి చోట్ల సబ్బు సరిగా నురగ రాక తెల్లటి పెచ్చులా పైపుకు అంటుకుంటుంది. దాన్ని స్ప్రింగు గీరుతుంది గానీ మొత్తం ఊడదు. లెట్రిన్ వైపు 110 మిల్లీమీటర్ల పైపులో ఈ సన్న స్ప్రింగు ముందుకు పోకుండా లోపలే చుట్టుకుంటుంది, పింగాణీ మీద నల్ల గీతలు పెడుతుంది. అక్కడ వాడాల్సింది రబ్బరు కప్పు ఉన్న పంపు (ప్లంజర్). ఆ రబ్బరు కప్పు మునిగేంత నీళ్ళుండాలి, పదిహేను ఇరవై సార్లు ఆగకుండా కొట్టాలి, నెట్టే జోరు కంటే లాగే జోరు ముఖ్యం. ఎండాకాలం తాళం వేసి ఊరెళ్ళొచ్చాక వాసన వస్తే అది అడ్డం కాదు, ట్రాప్‌లో నీళ్ళు ఆరిపోవడం. ఒక చెంబు నీళ్ళు పోస్తే పోతుంది.

ఆరేళ్ళలో స్ప్రింగు వాడాల్సిన అవసరం బాగా తగ్గించినవి రెండు. ఒకటి, సింకు కింద మడతలు మడతలుగా ఉండే వేస్ట్ పైపు తీసేసి లోపల నున్నగా ఉండే గట్టి పైపు వేయించడం. ఆ మడతల్లోనే గంజి, నూనె కలిసి బంక కడతాయి. రెండు, పులుసు దాకలను కడిగే ముందు పాత కాగితంతో తుడవడం, గంజి సింకులో కాకుండా చెట్లకో కుడితి తొట్టికో పోయడం.

ఇక స్ప్రింగు లోపాలు. తుప్పు దీనికి ప్రధాన శత్రువు, అందులోనూ మనది ఉప్పుగాలి. కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, కుట్టుమిషను నూనె రాసి చుట్టి పెట్టాలి. ఒక్కసారి తడిగా సంచిలో పెడితే నెలకే ఎర్రబడింది. బిగించే మర రెండేళ్ళకే అరిగింది, అదే సైజు బోల్టు వేస్తే సరిపోయింది. కొనేటప్పుడు 3 మీటర్లది చవకని తీసుకోవద్దు, సింకు నుంచి చాంబరు దాకా అది అందదు. చివరి చుట్ట విడిగా అతికించినదయితే లాగేటప్పుడు ఊడి పైపులోనే ఉండిపోతుంది. ఒకే తీగతో మొదలు నుంచి కొస దాకా చుట్టినది అడిగి తీసుకోండి.