మెటల్ హాలైడ్ లైట్లు: సింగిల్ ఎండెడ్, డబుల్ ఎండెడ్ రెండూ వాడాను, ఏది ఉంచుకున్నానో చెప్తాను

రీఫ్ ట్యాంకుకి, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియానికి, మెటల్ హాలైడ్ కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: 10,000 కెల్విన్ (వెలుతురు రంగుని చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ) తీసుకోవాలా, 14,000 తీసుకోవాలా, 20,000 తీసుకోవాలా? నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఆరేళ్లు వాడాక నాకు అర్థమైంది ఏమిటంటే, రంగు సంగతి చివర్లో చూసుకోవచ్చు. అంతకన్నా ముందు బల్బు సింగిల్ ఎండెడా (ఒక చివరే కనెక్షన్) డబుల్ ఎండెడా (రెండు చివర్లా), దాన్ని వెలిగించే బ్యాలాస్ట్ ఏది, పైన ఉండే రిఫ్లెక్టర్ ఎంత పెద్దది, ఈ మూడూ ఒకదానికొకటి కుదిరాయా లేదా అని చూసుకోవాలి. కుదరకపోతే ఎంత మంచి బల్బు తెచ్చి బిగించినా పగడాలకి అందాల్సిన వెలుతురు అందదు.

నా ట్యాంకు 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. పైరాళ్ల మీద అక్రోపోరాలు, మధ్యలో మాంటిపోరాలు, కింద ఇసుక దగ్గర యూఫీలియాలు, ఇవన్నీ పగడాల రకాలే. 250 వాట్ల లైట్లు రెండు.

మొదటి మూడేళ్లు డబుల్ ఎండెడ్ వాడాను. సన్నటి క్వార్ట్జ్ గొట్టం, రెండు చివర్లా కనెక్షన్. బల్బు చిన్నది కాబట్టి ఫిక్చర్ కూడా పల్చగా, అందంగా ఉంటుంది. ఫీనిక్స్ 14,000 వేశాను, ఆ బల్బు మీద నాకు ఇప్పటికీ ఇష్టం పోలేదు. నీలం కలిసిన శుభ్రమైన తెలుపు, దానికి తోడు విడిగా యాక్టినిక్ (నీలం) ట్యూబులు కావాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. వెలుతురంతా ఒక చిన్న బిందువు నుంచి వస్తుంది కాబట్టి నీటి అలల నీడలు ఇసుక మీద వలలా కదులుతుంటాయి. మెటల్ హాలైడ్ వదల్లేకపోవడానికి నాకు సగం కారణం అదే.

అయితే డబుల్ ఎండెడ్‌తో ఒక పెద్ద షరతు ఉంది. సింగిల్ ఎండెడ్ బల్బులో లోపలి ఆర్క్ ట్యూబు (వెలుతురు పుట్టే గొట్టం) చుట్టూ మందపాటి గాజు బుడ్డి ఉంటుంది, అతినీలలోహిత కిరణాల్లో ప్రమాదకరమైనవాటిని అది ఆపేస్తుంది. డబుల్ ఎండెడ్‌కి ఆ గాజు లేదు, క్వార్ట్జ్ వాటిని ఆపదు. అందుకని ఫిక్చర్ కింద టెంపర్డ్ గ్లాసు తప్పకుండా ఉండాలి. గ్లాసు పగిలింది కదా, కొత్తది వచ్చేదాకా రెండు రోజులు అలాగే వెలిగిద్దాం అనుకోవద్దు. పగడాలు మాడిపోతాయి, మీ కళ్లకీ చర్మానికీ కూడా హాని.

ఆ గ్లాసే నాకు రోజువారీ తలనొప్పి అయింది. నీటి తుంపర ఎగిరి దాని మీద పడుతుంది, వేడికి నీరు ఆరిపోయి ఉప్పు పొరలా మిగిలిపోతుంది. రెండు వారాలు తుడవకపోతే గ్లాసు అంచుల నుంచి మధ్యదాకా పాలు ఒలికి ఎండినట్టు తెల్లగా ఉండేది. ఒకసారి పార్ మీటర్ (పగడాలకి పనికొచ్చే వెలుతురుని కొలిచే పరికరం) తెచ్చి, పైరాయి మీది అక్రోపోరా పక్కన పెట్టి చూస్తే 240 చూపించింది. గ్లాసు తుడిచి, మీటర్ అక్కడే ఉంచి మళ్లీ చూస్తే 290. కంటికి మాత్రం పెద్ద తేడా కనిపించలేదు. అప్పటిదాకా పగడాల రంగు ఎందుకు మందగిస్తోందో తెలియక నైట్రేటు, ఫాస్ఫేటు అంటూ నీళ్లనే పదేపదే పరీక్ష చేస్తూ కూర్చున్నాను.

నాలుగో ఏడు సింగిల్ ఎండెడ్‌కి మారాను. పెద్ద మరచుట్టు ఉండే మోగుల్ హోల్డరు, దాని చుట్టూ లూమెన్‌బ్రైట్ రకం వెడల్పాటి రిఫ్లెక్టర్. చూడటానికి భారీగా ఉంటుంది, మూత ఉన్న క్యాబినెట్‌లో పట్టదు, పైనుంచి వేలాడదీయాల్సిందే. కానీ వెలుతురు పరుచుకునే తీరు చూస్తే ఆ అసౌకర్యం గుర్తుకురాదు. పాత ఫిక్చర్ కింద నడిమధ్య ఎండ మండిపోతూ మూలలు నీడగా ఉండేవి. ఇప్పుడు ఒక్కో లైటు 60 బై 60 జాగాని చక్కగా కప్పుతోంది. ఇంతకుముందు అంచున పెడితే గోధుమరంగుకి తిరిగిపోయిన మాంటిపోరా, అదే అంచున ఇప్పుడు ఊదారంగు అంచుతో పెరుగుతోంది.

ఇక్కడ బ్యాలాస్ట్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నేను వేసింది రేడియమ్ 250 వాట్ల 20,000. మొదట దాన్ని మామూలు ఎలక్ట్రానిక్ బ్యాలాస్ట్‌తో వెలిగించాను, ట్యాంకంతా ముదురు నీలం, వెలుతురు తక్కువ. ఇదేంటి, అందరూ ఇంత మెచ్చుకున్నారే అని చాలా నిరాశపడ్డాను. అదే బల్బుని ఎమ్80 మాగ్నెటిక్ బ్యాలాస్ట్ మీద పెట్టాక వేరే బల్బేమో అనిపించింది. ఎమ్80 బల్బుకి 250 వాట్ల కన్నా ఎక్కువే ఇస్తుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, బరువు, ఒకటే గుయ్యిమనే చప్పుడు. అయినా ఈ బల్బుకి అదే సరైన జోడీ. పెన్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ సంజయ్ జోషి ఎన్నో బల్బుల్ని వేర్వేరు బ్యాలాస్ట్‌ల మీద కొలిచి చూపించారు, ఒకే బల్బు బ్యాలాస్ట్ మారితే వెలుతురులోనూ రంగులోనూ ఎంత మారిపోతుందో ఆ లెక్కల్లో స్పష్టంగా ఉంటుంది. కొనేముందు మీ జోడీ అందులో ఉందేమో వెతకండి.

కెల్విన్ విషయం క్లుప్తంగా చెప్తా. ఒకే వాటేజీలో, సాధారణంగా 6,500, 10,000 బల్బులు ఎక్కువ పార్ ఇస్తాయి, 20,000 తక్కువ ఇస్తుంది. ఇవసాకి 6,500 కింద పగడాలు జోరుగా పెరుగుతాయి కానీ ట్యాంకు పసుపుపచ్చగా కనిపిస్తుంది, నీలం ట్యూబులు తోడు పెట్టక తప్పదు. పెరుగుదల, రంగు రెండూ కావాలంటే 14,000 దగ్గర ఆగండి. చౌకగా దొరికిందని పేరు తెలియని 20,000 బల్బు ఒకటి కొన్నాను, నాలుగు నెలలకే గులాబీ రంగుకి తిరిగి ఒకరోజు వెలగడమే మానేసింది.

ఏ రకమైనా 10, 12 నెలలకి బల్బు మార్చాలి. రంగు, బలం మెల్లగా పడిపోతాయి, రోజూ చూసే కంటికి తెలియదు. నేను ఒకసారి 14 నెలల దాకా లాగి, కొత్త బల్బు వేసి, మామూలుగానే 8 గంటలు వెలిగించాను. మూడో రోజుకి నా పెద్ద అక్రోపోరాకి లైటు వైపున్న కొమ్మలన్నీ సున్నం వేసినట్టు తెల్లబడ్డాయి, అడుగు వైపు మాత్రం రంగు అలాగే ఉంది. ఎక్కువ వెలుతురు తట్టుకోలేక లోపలి జూజాంథెల్లేని (పగడంలో ఉంటూ దానికి ఆహారం ఇచ్చే సూక్ష్మ నాచుని) బయటికి తోసేసింది. కొమ్మల చివర్లు నిలిచాయి, మధ్య భాగం పోయింది. ఇప్పుడు బల్బు మార్చినప్పుడల్లా లైటు 15 సెంటీమీటర్లు పైకి లేపి, 4 గంటలతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకో అరగంట పెంచుతున్నాను. దయచేసి మీరు కూడా ఈ ఓపిక పట్టండి.

వేడి సంగతి తెలిసిందే. 500 వాట్లు నీటి మీద మండుతుంటే నీటిని చల్లబరిచే చిల్లర్ కానీ, నీటి మీదికి గాలి కొట్టే ఫ్యాన్లు కానీ ఉండాలి. ఫ్యాన్లు పెడితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి, తగ్గిన నీళ్లని దానంతటదే నింపే ఆటో టాప్ ఆఫ్ కూడా తప్పదు. కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా లైట్లు వెంటనే వెలగవు, చల్లారడానికి 10, 15 నిమిషాలు పడుతుంది, మొదటిసారి చూసినప్పుడు టెన్షన్ పడకండి.

ట్యాంకు వెడల్పు 45 సెంటీమీటర్లకి మించకపోతే, క్యాబినెట్‌కి మూత ఉండాలనుకుంటే డబుల్ ఎండెడ్ తీసుకోండి, వారానికోసారి గ్లాసు తుడవండి, బల్బుని మాత్రం ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, వేలిజిడ్డు ఉన్నచోట క్వార్ట్జ్ పాడవుతుంది. 60 వెడల్పు ఉండి, పైన వేలాడదీసే వీలుంటే మాత్రం సింగిల్ ఎండెడ్, పెద్ద రిఫ్లెక్టర్, దానికి తగ్గ బ్యాలాస్ట్. నా ట్యాంకు మీద ఇప్పుడున్నది అదే, ఫీనిక్స్ బల్బులు రెండూ పెట్టెలో దాచి ఉంచాను, కొత్తగా పెట్టబోయే చిన్న ట్యాంకు కోసం.