పుర్రచేతి వేటగాడికి బొటనవేలి కింద సేఫ్టీ: మాస్‌బర్గ్ 500తో ఆరు సీజన్లు

మాస్‌బర్గ్ 500 పంప్ షాట్‌గన్ (ముందు పిడిని వెనక్కీ ముందుకీ జరిపి షెల్ మార్చేది), 20 గేజ్, అంటే 12 గేజ్ కన్నా సన్నని గొట్టం. ఆరేళ్లుగా టర్కీ కోడి వేటకు ఇదొక్కటే నా తుపాకీ. గొట్టం పొడవు, బరువు, కామో రంగు లాంటివి ఏ దుకాణంలో అడిగినా చెబుతారు. నేను చెప్పదలచుకున్నది దాని సేఫ్టీ గురించి, అంటే తుపాకీ పొరపాటున పేలకుండా ఆపే ఏర్పాటు గురించి. ట్రిగ్గర్ వెనక అడ్డంగా దూరి ఉండే బటన్ కాదు ఇది. బట్టు (భుజానికి ఆనించే వెనక భాగం) మొదలయ్యేచోట, తుపాకీ వెన్ను మీద, సరిగ్గా బొటనవేలు ఆనే దగ్గర ఉండే మీట. ముందుకు తోస్తే ఎర్రచుక్క బయటపడుతుంది, తుపాకీ పేలడానికి సిద్ధం. వెనక్కి లాగితే బందు.

కుడిచేతివాళ్లకు ఇదొక విషయంలా కూడా అనిపించదు. నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు అన్నం ముద్ద ఎడమచేత్తో ఎత్తితే మా నాయనమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. బడిలో బలపం కుడిచేతికి మార్పించారు. తినడం, రాయడం మారాయి గానీ గురి మారలేదు. ఉండేలు పట్టినా, గోలీ కొట్టినా నాకు ఎడమకన్నే. తుపాకీ కూడా దానంతటదే ఎడమ భుజానికి పోతుంది.

మొదటి సీజన్‌కి నాకు సొంత తుపాకీ లేదు. ఆఫీసులో నాతో పనిచేసే పెద్దాయన తన పాత 12 గేజ్ ఇచ్చి పంపాడు. దానిది అడ్డ బటన్. కుడిచేతివాడికి చూపుడువేలు కుడి పక్కనే ఉంటుంది కాబట్టి అక్కణ్ణుంచి ఎడమకు నొక్కేస్తాడు. నా చూపుడువేలు ఉండేది ఎడమ పక్కన. నొక్కాలంటే వేలిని ట్రిగ్గర్ గార్డు కిందుగా అవతలికి తిప్పాలి. దుకాణంలో నిలబడి చేస్తే ఇబ్బందే తెలియదు.

మిస్సోరీ దక్షిణాన మార్క్ ట్వైన్ నేషనల్ ఫారెస్ట్‌లో ఓక్ చెట్టుకు వీపు ఆనించి, తుపాకీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాను. ఇంకా మసక చీకటి. లోయ అవతల చెట్టు మీంచి పుంజు కూసింది. పలక మీద పుల్ల రాసి పెట్ట అరుపు రెండుసార్లు ఇచ్చాను, ఆపేశాను. ఇరవై నిమిషాలకు వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాసుకుంటూ, తల ఎరుపు తెలుపు నీలం కలిసి వెలుగుతోంది. పాతిక అడుగులేస్తే అందేంత దగ్గర. దాని తల చెట్టు వెనక్కి పోయిన క్షణంలో వేలు తిప్పాను. వేలుతోపాటు మణికట్టు తిరిగింది, మోచెయ్యి అంగుళం లేచింది. తల ఇవతలికి వచ్చేసరికి పుంజు తోక ముడిచేసి నిలబడి ఉంది. ‘పట్’ అని ఒక్క శబ్దం, ప్రమాదం పసిగట్టిన టర్కీ అరుపు అది. నేను గురి చూసేలోపు వాలు దిగి మాయమైపోయింది.

మిస్సోరీలో వసంతం సీజన్ ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు. ఉద్యోగం చేసుకునేవాడికి మూడు శనివారాలు, మూడు ఆదివారాలు మిగులుతాయి. పబ్లిక్ భూమిలో అయితే అదీ మధ్యాహ్నం ఒంటిగంట దాకానే. ఆ ఆరు పూటల్లో ఒక పుంజు పాతిక అంగల దూరానికి వచ్చి, నా వేలు అటు తిరగడం వల్ల పోయిందంటే ఏడాదంతా గుర్తుంటుంది. నాకు గుర్తుంది.

ఆ ఎండాకాలమే ఈ మాస్‌బర్గ్ కొన్నాను. అప్పటికి గ్రీన్‌కార్డు వచ్చింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోనివ్వదు. హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, లాయరుతో మాట్లాడకుండా ఆ దారిలో అడుగు పెట్టకండి. దుకాణంలో కళ్లు మూసుకుని భుజానికెత్తాను. బొటనవేలు పోయి మీట మీద వాలింది. వెతకలేదు. మీట మీద గరుకు గీతలు వేలికి తగిలాయి, అంతే.

మరుసటి ఏప్రిల్‌లో అదే వాలు, దాదాపు అదే చెట్టు. ఈసారి పుంజు రెండు పెట్టల వెంట వచ్చింది, అంటే ఆరు కళ్లు నన్ను చూస్తున్నట్టు. చెంప బట్టుకు ఆనించే ఉంచాను. బొటనవేలు అర అంగుళం ముందుకు జరిగింది. ఇంకేదీ కదల్లేదు. చెంప ఎత్తకుండానే కంటి కిందుగా ఎర్రచుక్క కనబడింది, కాబట్టి తీశానా లేదా అన్న అనుమానమూ లేదు. ఇరవై ఎనిమిది అంగల దగ్గర పడింది. రొమ్ము మీద గడ్డంలా వేలాడే ఈకల కుచ్చు తొమ్మిది అంగుళాలు. ఆ రాత్రి మా ఆవిడ తొడలు పులుసు పెట్టింది, రొమ్ము మాంసం వేపుడు. టర్కీ తొడ మామూలు కోడిలా ఉడకదు, కుక్కర్‌లో విజిల్స్ లెక్కపెట్టకుండా ముప్పావుగంట ఉంచాలి.

20 గేజ్ టర్కీకి చాలదనే మాట ఇంకా వినిపిస్తూ ఉంటుంది. సీసం పెల్లెట్ల (షెల్‌లో ఉండే చిన్న గుండ్ల) కాలంలో అందులో నిజముంది. ఇప్పుడు టీఎస్‌ఎస్ (టంగ్‌స్టన్ సూపర్ షాట్) షెల్స్ వచ్చాయి. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11 గ్రాముల చిల్లర, దీనిది 18. అందుకే చిన్న 9వ నంబరు పెల్లెట్లు కూడా దూరం పోయి లోపలికి దిగుతాయి, షెల్‌లో ఎక్కువా పడతాయి. 40 గజాల్లో పది అంగుళాల వలయంలో 100 పెల్లెట్లు పడితే చాలంటారు. నాకు 150 దాటాయి, కాగితం మీద పెన్సిల్‌తో చుక్కలు పెట్టి లెక్కపెట్టుకున్నాను. షెల్స్ ఖరీదు మాత్రం ఎక్కువ, అదొక్కటే బాధ. 12 గేజ్ అంతగా వెనక్కి తన్నదు కాబట్టి భుజం బతికిపోయింది.

ఇంక నాలుగో సీజన్ సంగతి. ఆ ఏడు గొట్టం పైన రెడ్ డాట్ (అద్దంలో ఎర్రచుక్క చూపించి గురి కుదిర్చే పరికరం) పెట్టాను. డాట్‌కి కన్ను సరిగ్గా అందాలంటే పిస్టల్ గ్రిప్ (పిస్టల్‌కున్నట్టు కిందికి దిగే పిడి) ఉన్న బట్టు మేలని ఒకరన్నారు. వేరే కంపెనీది తెప్పించి నేనే బిగించుకున్నాను. పట్టు బాగుంది, చెంపకు బాగా ఆనింది, కాగితం మీద గురి కూడా బాగా కుదిరింది. మార్చిలో మూడుసార్లు రేంజికి వెళ్లాను. ప్రతిసారీ బల్ల దగ్గరే సేఫ్టీ తీసి, తర్వాత భుజానికెత్తాను. తప్పంతా అక్కడే దాక్కుంది.

సీజన్ రెండో శనివారం. రాత్రి వాన పడి ఆకులు తడిగా ఉన్నాయి, పుంజు అడుగుల చప్పుడు లేకుండా వచ్చేసింది. నేను చూసేసరికి ముప్పై అంగల్లో, తల పైకెత్తి, నేను ఎరగా పెట్టిన బొమ్మ పెట్ట (డెకాయ్) కోసం వెతుకుతోంది. బొటనవేలు జరిపాను. మీట లేదు అక్కడ. పిస్టల్ గ్రిప్ పట్టినప్పుడు చెయ్యి కిందికి దిగుతుంది, బొటనవేలు పక్కకు చుట్టుకుంటుంది. మీట పైన ఎక్కడో ఉండిపోయింది. అందుకోవాలంటే పట్టు వదిలి అరచెయ్యి మొత్తం పైకి తేవాలి. తెచ్చాను. ‘పట్’. మూడేళ్లుగా వినని శబ్దం అది. పుంజు పోయిన తర్వాత కూడా చాలాసేపు అక్కడే కూర్చున్నాను, అరచెయ్యి తుపాకీ వెన్ను మీదే పెట్టి.

ఇంటికొచ్చి ఆ సాయంత్రమే పాత బట్టు బిగించేశాను. రెడ్ డాట్ ఉంచాను, పాత బట్టు మీద చెంపకు ఎత్తు సరిపోవడానికి అట్ట లాంటి మెత్త కట్టుకున్నాను. చూడ్డానికి బాగోదు. పని చేస్తుంది.

అందుకే ఈ సేఫ్టీ గురించి ఇదివరకు నేను స్నేహితులకు చెప్పినదాన్ని కొంచెం సర్దుకోవాలి. వెన్ను మీద సేఫ్టీ మంచిదే, కానీ తిన్నని బట్టుతోనే. చప్పుడే ఉండదని కూడా చెప్పేవాణ్ణి. ఏ సేఫ్టీ అయినా చిన్న టిక్ అంటుంది. మీటను బొటనవేలితో కిందికి నొక్కిపట్టి నెమ్మదిగా జరిపితే వినబడదు, ఇది ఇంట్లో ఖాళీ తుపాకీతో వారం రోజులు సాధన చేస్తే గానీ రాదు. చలి ఉదయాల్లో మందపాటి గ్లౌజు వేసుకుంటే గరుకు గీతలు తెలియవు. నేను ఎడమ గ్లౌజు బొటనవేలు కొస కత్తిరించేశాను. ఇంకోటి, ఖాళీ షెల్ కుడి పక్కకు పడుతుంది కాబట్టి ఎడమ భుజానికి పెట్టుకున్నవాడి మొహం ముందునుంచే పోతుంది. టర్కీకి సాధారణంగా ఒక్క దెబ్బే గనక నేను పట్టించుకోలేదు. ఎక్కువసార్లు కాల్చేవాళ్లయితే బ్రౌనింగ్ బీపీఎస్ కూడా పట్టి చూడండి. దానికీ సేఫ్టీ పైనే, ఖాళీ షెల్ కిందికి పడుతుంది, కాకపోతే మోయడానికి బరువు.

ఇవన్నీ ఒక పుర్రచేతివాడి లెక్కలు. పబ్లిక్ అడవిలో కిలోమీటర్లు నడిచి, చెట్టుకానుకుని, ఒక్క దెబ్బ కోసం కూర్చునేవాడివి. గుడారం లాంటి బ్లైండ్‌లో కూర్చుంటే చెయ్యి కదిలినా పుంజుకు కనబడదు, అప్పుడు ఏ సేఫ్టీ అయినా ఒకటే. మావాడికి పదమూడు, కుడిచేతి వాటం. యూత్ సీజన్‌కు (పిల్లలకు విడిగా ఉండే వేట రోజులు) వాడూ దీన్నే తెస్తున్నాడు, వాడికీ హాయిగానే ఉంది. అయినా మీకు ఇదే కొనమని చెప్పలేను. అడవిలో వేసుకునే గ్లౌజు జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి. తుపాకీ ఖాళీగా ఉందని మీ కళ్లతో చూసుకుని, నేల మీద కూర్చుని భుజానికెత్తండి, నిలబడి కాదు. చెంప ఆనించి కళ్లు మూసుకుని సేఫ్టీ తీయండి. మోచెయ్యి కదిలిందా లేదా పక్కనున్నవాళ్లను చూడమనండి.