తెలిస్తే చెబుతాడు, తెలీకపోతే తెలీదంటాడు: రాజాం రోడ్డు కోడిపిల్లల షెడ్డు

పెరట్లో నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్లు ఒకసారి వెళ్లి చూడాల్సిన చోటు ఇది. విజయనగరం జిల్లా చీపురుపల్లి దాటి రాజాం వెళ్లే దారిలో ఎడమ చేతి వైపు రేకుల షెడ్డు. బోర్డు లేదు. ‘గుడ్ల మిషను ఎక్కడ?’ అంటే టీ కొట్టు దగ్గర ఎవరైనా చూపిస్తారు. ఒక కుర్రాడు, వాళ్లమ్మ కలిసి నడుపుతారు. నాటు పిల్లలు, క్రాసు పిల్లలు మాత్రమే ఉంటాయి. మన గుడ్లు పట్టుకెళ్తే గుడ్డుకి 10 రూపాయలు పుచ్చుకుని మిషన్లో పెట్టి 21 రోజులకి పిల్లల్ని ఇస్తారు. పొదగని గుడ్లుంటే అవి కూడా పగలగొట్టి చూపిస్తారు, గుడ్డులో అసలు పిల్ల కట్టిందో లేదో మనకి తెలియాలని.

మాది గుర్ల మండలంలో పల్లెటూరు. నేను కోళ్లు పెంచేది గుడ్లకోసం. ఇంట్లో వాడగా మిగిలినవి చుట్టుపక్కలవాళ్లకి అమ్ముతాను. కాబట్టి నాకు కావలసింది పెట్టలు, అందులోనూ ఎర్రగుడ్డు, అంటే గోధుమరంగు పెంకు గుడ్డు పెట్టేవి. తెల్లగుడ్డు చూపిస్తే ‘ఇది ఫారం గుడ్డు కాదేటి?’ అని వెనక్కి ఇచ్చేస్తారు మా ఊళ్లో. లోపల సొన అదే, బలం అదే అని ఎంత చెప్పినా చెవికెక్కదు.

సంతలో పిల్లలు అమ్మేవాళ్లని అడగండి, గంపలో ఉన్నవన్నీ పెట్టలే అంటారు. అలా ఎలా ఉంటాయండీ? ఏ విడత పొదిగించినా దగ్గరదగ్గర సగం పుంజులే పుడతాయి. కొందరు పిల్ల రెక్క విప్పి, ‘ఇదిగో ఈకలు పొడుగ్గా ఉన్నాయి, పెట్టే’ అంటారు. ఆ గుర్తు అబద్ధం కాదు గానీ, తండ్రివైపు ఈకలు తొందరగా వచ్చే జాతి, తల్లివైపు నిదానంగా వచ్చే జాతి చూసి జత కట్టిన చోటే అది పనిచేస్తుంది. మన ఊరి కలగాపులగం కోళ్లలో దానికి విలువ లేదు. కోసు గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అనే మాట కూడా అంతే. షెడ్డులో ఆ పెద్దావిడని అడిగితే, ‘మా అత్తోరింట్లో అందరూ అదే అనేవోరు, పొదిగిస్తే ఎప్పుడూ సగం సగమే’ అంది.

ఈ కుర్రాడు మొదట అడిగేది ‘గుడ్లకా, కూరకా అప్పా?’ అని. గుడ్లకి అంటే రెండు ట్రేలు చూపిస్తాడు. ఒకదానిలో రంగురంగుల పిల్లలు ఉంటాయి. వాటిలో పెట్టేదో పుంజేదో తనకి తెలీదని ముందే చెప్పేస్తాడు. పిల్ల 50 రూపాయలు. రెండో ట్రేలో అన్నీ నల్లపిల్లలు, పిల్ల 80. అవి పెట్టలని చెప్పి అమ్ముతాడు. ఎలా చెప్పగలుగుతున్నావు తమ్ముడూ అంటే, మిషన్లోంచి అప్పుడే దిగిన పిల్లల్ని తెచ్చి బల్బు కింద పెట్టాడు. అన్నీ నలుపే. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని తల వంచాడు. నడినెత్తి మీద పెసరగింజంత తెల్లమచ్చ, అంచులు చెదిరి. ‘ఇది పుంజు.’ ఇంకోటి తీశాడు, తల అంతా నలుపే. ‘ఇది పెట్ట.’ మచ్చ ఉన్నవి ఇటు, లేనివి అటు, నేను చూస్తుండగానే ట్రే మొత్తం వేరు చేశాడు.

గుట్టు తల్లిదండ్రుల్లో ఉంది. షెడ్డు వెనక దడి కట్టి వాటిని వేరేగా పెంచుతున్నాడు. పెట్టలన్నీ నలుపు తెలుపు చారలవి. పుంజు మాత్రం చారలు లేని డేగ, అంటే ఎర్ర ఈకలది. కోళ్లలో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి. చారల గుణం ఉండే క్రోమోజోము పెట్టకి ఒక్కటే ఉంటుంది, దాన్ని కొడుకులకే ఇస్తుంది. కూతుళ్లకి ఆ క్రోమోజోము తండ్రినుంచి వస్తుంది, తండ్రికి చారలు లేవు కాబట్టి వాటికీ ఉండవు. పుట్టినప్పుడు నెత్తిమీద కనిపించే తెల్లమచ్చ ఆ చారల గుణానికి గుర్తు. పెరిగాక పుంజులు చారలతో వస్తాయి, పెట్టలు నల్లగానే ఉంటాయి. జత తిరగేసి చారల పుంజుని మామూలు పెట్టలకి వేస్తే అన్నిటికీ మచ్చ వస్తుంది, తేడా దొరకదు. ఈ పిల్లలే పెరిగి వాటిలో అవి కలిసినా గుర్తు పోతుంది. ‘నీ ఇంట్లో వీటికి పుట్టినవాటిని మచ్చ చూసి అమ్మీకు, మాట పోతాది’ అని హెచ్చరించి మరీ పంపాడు. అమ్మేవాడు ఈ సంగతి చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు.

రంగుల పిల్లలు కావాలనుకుంటే నెల దాటినవి 150 రూపాయలకి తీసుకోవడం మంచిది. అయిదారు వారాలకి పుంజుపిల్లల జుట్టు లేచి ఎర్రబడుతుంది, పెట్టపిల్లలకి పాలిపోయి చిన్నగా ఉంటుంది. అసీల్ (పందెం కోళ్ల జాతి) రక్తం ఉన్నవాటిలో జుట్టు మూడు వరసలుగా తలకి అంటుకుని ఉంటుంది కాబట్టి అంత తొందరగా తేలదు, నడిమి వరస లావెక్కి ఎర్రబడిందా అని చూడాలి. రెండున్నర మూడు నెలలకి నడుం మీద ఈకలు చూస్తే ఇక అనుమానం ఉండదు. కొసలు సన్నగా మొనదేలి వేలాడితే పుంజు, గుండ్రంగా ఉంటే పెట్ట.

దానికీ ఒక మినహాయింపు ఉంది, అది మా పెరట్లోనే చూశాం. పెట్ట అని ఇచ్చిన నెలపిల్ల ఈకలన్నీ గుండ్రంగా వచ్చి, ఒళ్లంతా పెట్టలాగే పెరిగి, ఒక తెల్లవారుజామున కూత పెట్టింది. పెట్టమారు పుంజు. ఈకలు చూస్తే ఎవరి కంటికైనా అది పెట్టలాగే ఉంటుంది. మూడు నెలల లోపు పుంజని తేలితే మార్చి ఇస్తానన్నది అతని మాట. మాది గడువు దాటిపోయింది, అయినా పేచీ పెట్టకుండా ఎదిగిన పెట్టని ఇచ్చి పుంజుని తీసుకున్నాడు. పైడితల్లమ్మ పండక్కీ సంక్రాంతికీ పుంజుకి గిరాకీ ఉంటుంది కాబట్టి అతనికీ నష్టం లేదనుకోండి. నాకు కావలసింది పెట్ట, అది దొరికింది.

గుడ్డు రంగు విషయంలో మాత్రం అతను ఎప్పుడూ గట్టిగా మాట ఇవ్వడు, అదే న్యాయం. గ్రామప్రియ, వనరాజా రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారు చేసిన రకాలు, గోధుమరంగు గుడ్డు పెడతాయి. గ్రామప్రియని ముఖ్యంగా గుడ్లకోసమే తయారు చేశారు. గ్రామప్రియ పెట్టకి అసీల్ పుంజుని వేసిన పిల్లలు ఇతని దగ్గర ఎక్కువ. అవి లేత గోధుమ నుంచి మీగడ రంగు దాకా ఏదైనా పెట్టొచ్చు. చాలామంది తల్లి గుడ్డునే చూస్తారు. తండ్రివైపు నుంచి కూడా రంగు వస్తుంది, పుంజు గుడ్డు పెట్టదు గనక దాని తల్లి ఏ రంగు పెట్టేదో అడగాలి. ఇతను ఆ గుడ్లు దాచి చూపిస్తాడు. చెవితమ్మె తెల్లగా ఉంటే తెల్లగుడ్డు, ఎర్రగా ఉంటే ఎర్రగుడ్డు అనే లెక్క తెల్ల లెగ్‌హార్న్, రోడ్ ఐలాండ్ రెడ్ లాంటి అసలు జాతుల్లో సరిపోతుంది, క్రాసుల్లో తప్పుతూ ఉంటుంది. కడక్‌నాథ్ నల్లగుడ్డు పెడుతుందా అని నా ముందే ఒకాయన అడిగాడు. మాంసం నలుపే గానీ గుడ్డు మామూలు లేతరంగే అని చెప్పి వట్టి చేతులతో పంపించాడు, అమ్ముకోవడానికి పిల్లలు పక్కనే ఉన్నా.

పగిలిన గోధుమరంగు పెంకు ఒకటి తిప్పి లోపలివైపు చూపించాడు, సున్నం తెలుపు. పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, గోధుమరంగు చాలావరకు ఆఖరి గంటల్లో పైన పూతలా పడుతుంది. అందుకే ఒకే పెట్ట మొదట్లో ముదురు గుడ్లు పెట్టి, పోనుపోను లేతవి పెడుతుంది. ఎండలకి కూడా రంగు తగ్గుతుంది. మాకు వచ్చిన నల్లపెట్టలు మంచి గోధుమరంగే పెడుతున్నాయి. రంగుల పిల్లల్లో ఒకటి మీగడ రంగు పెడుతోంది, దాని గుడ్లు ఇంట్లోకే వాడుకుంటున్నాం.

లోపాలూ రాయాలి. నెలపిల్లలకి కొక్కెర తెగులు రాకుండా లసోటా చుక్కలు వేశానంటాడు, వేస్తాడని నా నమ్మకం, కానీ ఏ తేదీన వేశాడో కాగితం మీద రాసి ఇవ్వడు. మళ్లీ నాలుగో వారం లసోటా, ఎనిమిదో వారం ఇంజక్షను మనం వేయించుకోవాలంటే ఆ తేదీ ఉండి తీరాలి. ఆ తెగులు వచ్చిందంటే పెరడు ఖాళీ అయిపోతుంది. కాళ్లు, రెక్కలు పడిపోయే మారెక్స్ రోగానికి పుట్టిన రోజే వెయ్యాల్సిన టీకా ఇక్కడ లేనే లేదు, పిల్లకి ఇంకో రెండు మూడు రూపాయలు ఎక్కువ తీసుకున్నా సరే మొదలు పెట్టాలి. పిల్లల్ని అట్టపెట్టెలో కుక్కి ఇస్తాడు, గాలికి కన్నాలు చాలవు. ఫోను ఎత్తడు. వీటికోసమే అయిదుకి నాలుగు ఇస్తున్నాను.

వెళ్లేవాళ్లు ఊక వేసిన వెదురు గంప పట్టుకెళ్లండి. ఇంట్లో బల్బు ముందే వేలాడదీసి ఉంచండి, మొదటి వారం 35 డిగ్రీలు ఉండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. కరెంటు నమ్మకం లేని ఊరైతే చలికాలంలో రోజుపిల్లలు వద్దు, నెలవే తీసుకోండి. నల్లపెట్టలు ప్రతి విడతలో కొన్నే దిగుతాయి, అడ్వాన్సు ఇచ్చి పేరు రాయించుకుంటే తప్ప దొరకవు. దసరా తర్వాత విడతకి నేను ఇప్పుడే రాయించాను.