గిన్నెల షాపులో పేరు కొట్టించినట్టు కొట్టించిన కడియం: ఐదుకి నాలుగు స్టార్లు

విజయవాడ వన్‌టౌన్‌లో పెళ్లి గిన్నెల మీదా, పెద్దకర్మకి పంచే స్టీలు గ్లాసుల మీదా పేర్లు కొట్టే చిన్న షాపు ఇది. నేను తీసుకెళ్లింది వెడల్పాటి స్టీలు కడియం. నాకు పదహారో ఏట నుంచి ఫిట్స్. జబ్బు సంగతి రాసి ఉండే కడియాలు ఆన్‌లైన్‌లో నేను చూసినవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. బందరు బస్సులో నేను పడిపోతే పక్క సీటు పెద్దాయన చదవాలి కదా.

షాపాయన మిషను అందుకుంటూ అలవాటుగా "ఎవరి జ్ఞాపకార్థం బాబూ?" అన్నారు. "ఇంకా ఉన్నానండీ" అన్నాను. ఆయన నవ్వలేదు. నా కాగితం రెండుసార్లు చదివి పని మొదలుపెట్టారు. 'ఫిట్స్ వస్తాయి. పక్కకి తిప్పండి. నోట్లో ఏమీ పెట్టొద్దు.' కూలి 120 రూపాయలు.

"ఎవరి నంబరు?" అన్నారు. అమ్మది చెప్పబోయాను. పక్కనున్న మా రూమ్మేట్ "మీ అమ్మ బందరు నుంచి వచ్చేసరికి నీకు తెలివొచ్చి టీ కూడా తాగేస్తావు. నాది కొట్టించు" అన్నాడు.

వాడు ఆ మాటనడం చిన్న సంగతి కాదు. కిందటేడు వాళ్లక్క పెళ్లిలో రాత్రంతా నిద్ర లేదు, ట్యాబ్లెట్ మర్చిపోయాను, తెల్లారుజామున మండపం వెనక పడిపోయాను. ఎవరో చేతిలో తాళాలు పెట్టారట, ఇంకెవరో స్పూను తెచ్చారట. తర్వాత ఆరు నెలలు వాడు నన్ను సినిమాకి కూడా పిలవలేదు. పెళ్లి పాడుచేశానని కోపం అనుకున్నా. షాపు మెట్ల మీద చెప్పాడు, ఏం చేయాలో తెలియక భయమేసిందట. మూడేళ్లు ఒకే గదిలో ఉండి నేనే చెప్పలేదు మరి. అక్కడే చెప్పాను: టైము చూడు, 5 నిమిషాలు దాటితే 108కి చెయ్, తాళాలతో పనిలేదు, గట్టిగా పట్టుకోకు, తగ్గేదాకా పక్కనే ఉండు.

ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదింటికి "వేసుకున్నావా?" అని మెసేజ్. రెండు వారాలు ఓర్చుకుని "నువ్వు ఫ్రెండ్‌వా, నర్సువా?" అన్నాను. ఇప్పుడు క్రికెట్ స్కోరు పంపుతున్నాడు. అదీ సరిగ్గా తొమ్మిదింటికే.

స్టార్ ఎందుకు తగ్గించానంటే, 'తిప్పండి'లో వత్తు సరిగ్గా పడలేదు. కాస్త పెద్ద అక్షరాలు అడగండి. నంబరు లోపలివైపు ఉండటం మాత్రం నా తప్పే, బయటికి కనిపిస్తే సిగ్గని నేనే అలా అడిగాను. చేతికున్న కడియం లోపల ఏముందో ఎవరు చూస్తారు? బయటికి కొట్టించడానికి వచ్చే వారం ఇద్దరం మళ్లీ వెళ్తున్నాం. ఆదివారం షాపు ఉండదు, చూసుకుని వెళ్లండి.