కోహ్లర్ కె301: గ్యారేజిలో విప్పి బిగించిన ఇంజను, ఏడు సీజన్ల తర్వాత

ఒహాయోలో మా ఇంటి వెనక ఎకరంన్నర నేల ఉంది. సగం గడ్డి, మిగతాది కూరగాయల మడి. వేసవిలో గోంగూర, బెండ, సొర, బీర వేస్తాం. చలికాలంలో వాకిలి నిండా మంచు పడుతుంది. గడ్డి కోయడం, మడి దున్నడం, మంచు తోయడం, అన్నిటికీ మాకున్నది ఒకే బండి: ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1970ల మొదట్లో తయారుచేసిన కబ్ క్యాడెట్ 128 గార్డెన్ ట్రాక్టర్. దీనికి ఉన్నది కోహ్లర్ కె301 ఇంజను. ఒకటే సిలిండర్, 12 హెచ్‌పీ, పెట్రోలుతో నడుస్తుంది. 2018-19 చలికాలంలో ఆ ఇంజనును గ్యారేజిలో పూర్తిగా విప్పి, బోర్ చేయించి (అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడను కొంచెం పెద్దగా కోయించి), మళ్ళీ బిగించాను. తర్వాత పెట్టిన అవర్ మీటరు ఇప్పుడు 410 గంటలు చూపిస్తోంది.

విప్పి బిగించిన వారానికే "సూపర్‌గా నడుస్తోంది" అని రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు అప్పుడు కావలసింది అది కాదు. ఐదారేళ్ళు వాడాక ఏం నిలిచింది, ఏం పోయింది అన్నది ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

బండిని పక్క కౌంటీలో ఒక పెద్దాయన దగ్గర 400 డాలర్లకు కొన్నాను. కొన్నప్పుడే నీలం పొగ వచ్చేది. ఐదారు గంటలు నడిస్తే క్వార్టు (దాదాపు లీటరు) ఆయిలు తాగేసేది. ప్లగ్ తీస్తే నల్లగా, తడిగా ఉండేది. మా ఊళ్ళో ఇలాంటి ఇంజనును చూస్తే "బోర్‌కి వచ్చింది" అంటారు. అయినా ముందు సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో చూపే కంప్రెషన్ గేజి పెట్టి చూశాను, రీడింగ్ చాలా తక్కువ వచ్చింది. తర్వాత తెలిసింది, ఈ ఇంజనుకు ఆ పరీక్ష పనికిరాదని. స్టార్టు చేసేటప్పుడు బరువు తగ్గడానికి క్యామ్‌షాఫ్ట్ మీద చిన్న ఏర్పాటు ఉంటుంది. నెమ్మదిగా తిరుగుతున్నంతసేపు అది ఎగ్జాస్ట్ వాల్వును కొద్దిగా తెరిచి ఉంచుతుంది. కాబట్టి మంచి ఇంజనుకైనా గేజిలో తక్కువే వస్తుంది. చేయవలసింది లీక్‌డౌన్ పరీక్ష: పిస్టన్‌ను పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించి, ఎక్కడ బుస్సుమంటోందో వినాలి. సైలెన్సర్‌లో వినపడితే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్‌లో వినపడితే ఇన్‌టేక్ వాల్వు, ఆయిలు పోసే చోట వినపడితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు. నా ఇంజనులో ఆయిలు పోసే చోట చెవి పెట్టనక్కర్లేకుండానే వినపడింది.

కోహ్లర్ అంటే మన దేశంలో చాలామందికి కుళాయిలు, సింకులు గుర్తొస్తాయి. అదే కంపెనీ, విస్కాన్సిన్‌ది. ఈ కె వరుస ఇంజన్లకు నేను ఇంత విలువ ఇవ్వడానికి కారణం ఉంది. బ్లాక్ మొత్తం పోత ఇనుము. లోపల వేరే లైనర్ ఉండదు, పిస్టన్ నేరుగా ఆ ఇనుములోనే పైకీ కిందికీ ఆడుతుంది. అరిగితే కొంచెం పెద్దగా బోర్ చేసి పెద్ద పిస్టన్ వేసుకోవచ్చు. 10, 20, 30 థౌ ఓవర్‌సైజ్ పిస్టన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పిస్టన్‌ను కింద తిరిగే క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ మాత్రం అల్యూమినియం. దానికి బేరింగ్ షెల్స్ ఉండవు, రాడ్ నేరుగా క్రాంక్ మీదే తిరుగుతుంది. ఆయిల్ పంపు కూడా లేదు. రాడ్ అడుగున ఉన్న చిన్న గరిటె లాంటి కొస ఆయిల్‌ను చిమ్ముతూ ఉంటుంది, అంతే. అందువల్ల ఆయిల్ తగ్గితే ముందు పోయేది రాడ్. అది విరిగితే బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది. పని మొత్తంలో నాకు ఎక్కువ టెన్షన్ ఈ రాడ్ గురించే.

విప్పడం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ప్రతి బోల్టునూ తీసిన చోటు రాసిన కవరులో వేశాను, ఫొటోలు తీసుకున్నాను. ఫ్లైవీల్‌కు సుత్తి వాడకండి, పుల్లర్ కొనండి.

అసలు పని కొలతల్లో ఉంది. తెనాలి దగ్గర మా పొలంలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజను ఉండేది. అది ఆగిపోయినప్పుడల్లా నాన్న మెకానిక్ పక్కనే కూర్చుని చూసేవారు. నేను ఇంజను విప్పానని ఫోన్లో చెప్పగానే ఆయన అన్న మొదటి మాట, "కొలిచావా? కొలవకుండా సామాను కొనకురా." అప్పటికే నేను కొనేశాను. పైకి చూస్తే అరుగుదల తక్కువగానే ఉందనిపించి, ఆన్‌లైన్‌లో ఒక చౌక కిట్ ఆర్డర్ చేశాను. 10 థౌ ఓవర్‌సైజ్ పిస్టన్, రింగులు, రాడ్, గాస్కెట్లు, అన్నీ కలిపి 95 డాలర్లు. తర్వాత మైక్రోమీటరు, బోర్ గేజి తెచ్చి కొలిస్తే, కొత్తగా ఉన్నప్పుడు 3.375 అంగుళాలు ఉండే సిలిండర్ పైభాగంలో ఒక వైపు 9 థౌ దాకా అరిగి, కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. 10 థౌకి బోర్ చేస్తే ఆ అరిగిన చోటు శుభ్రపడదు, 20 థౌకి వెళ్ళాల్సిందే. అంగుళంన్నర ఉండాల్సిన క్రాంక్ పిన్ కూడా గుండ్రం తప్పింది. దాన్ని 10 థౌ సన్నగా గ్రైండ్ చేయించి, దానికి సరిపడే రాడ్ వేయాలి. కిట్‌లో వచ్చిన రాడ్ మామూలు సైజుది. డబ్బా తెరిచానని అమ్మినవాళ్ళు కిట్‌ను వెనక్కి తీసుకోలేదు. 95 డాలర్లు అలా పోయాయి.

రెండోసారి వరుస మార్చాను. ముందు కొలిచాను, తర్వాత మెషిన్ షాపులో మాట్లాడాను, ఆ తర్వాతే మంచి రకం పిస్టన్, రాడ్ కొని, బ్లాకుతో పాటు ఆ పిస్టన్‌ను కూడా షాపులో ఇచ్చాను. అక్కడి మెషినిస్టు పిస్టన్ చేతికి రాకుండా బోర్ చేయనన్నారు. పిస్టన్‌ను కొలిచి, దానికి తగ్గ సందు ఉండేలా సిలిండర్‌ను కోస్తారు. ఆ మాట ఏ షాపులోనైనా వినపడితే ధైర్యంగా పని ఇవ్వండి. బోరుకూ క్రాంక్ గ్రైండింగుకూ కలిపి 190 డాలర్లు అయ్యింది. మొత్తం ఖర్చులో ఇంత న్యాయంగా అనిపించిన డబ్బు ఇంకోటి లేదు.

బ్లాకు ఇంటికొచ్చాక చేసిన కడుగుడు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏడేళ్ళుగా ఈ ఇంజను పొగ లేకుండా నడవడానికి సగం కారణం అదేనని నా నమ్మకం. హోనింగ్ చేశాక, అంటే బోర్ చేసిన గోడను రాళ్ళతో నునుపుగా రుద్దాక, సిలిండర్ గోడల మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు ఉంటాయి. ఆ గీతల్లో హోనింగ్ రాళ్ళ పొడి ఇరుక్కుని ఉంటుంది. పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో తుడిస్తే పైది పోతుంది, లోపలిది పోదు. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి బ్రష్షు కావాలి. నేను నాలుగుసార్లు రుద్ది కడిగాను. ప్రతిసారీ తెల్లటి పాత పంచె ముక్కతో లోపల తుడిచి చూశాను. మూడోసారి కూడా బట్ట మీద బూడిద రంగు మరక వచ్చింది. నాలుగోసారికి బట్ట తెల్లగా వచ్చింది. వెంటనే ఆరబెట్టి ఆయిల్ పూయాలి. పోత ఇనుము చూస్తుండగానే తుప్పు రంగుకు తిరుగుతుంది.

బిగించేటప్పుడు రింగుల్ని ఒక్కొక్కటే సిలిండర్‌లో పెట్టి, కొసల మధ్య సందు ఫీలర్ గేజితో (సందులో దూర్చి కొలిచే సన్నని రేకులు) చూశాను. కొత్త బోరుకు 10 నుంచి 20 థౌ మధ్య ఉండాలి, నాకు 14 వచ్చింది. రాడ్‌కూ క్రాంక్‌కూ మధ్య సందు ప్లాస్టిగేజ్ అనే మైనం పోగుతో చూస్తారు. దాన్ని మధ్యలో పెట్టి బిగించి, విప్పి, అది ఎంత వెడల్పు నలిగిందో చూడాలి. ఇక్కడ 1 నుంచి 2 థౌ మధ్య ఉండాలి. ఒకటిన్నర వచ్చింది. అయినా నమ్మకం కుదరక మర్నాడు మళ్ళీ చూశాను, అదే వచ్చింది. రాడ్, క్యాప్ మీద ఉన్న గుర్తులు ఒకదానికొకటి కలవాలి, టార్క్ రెంచ్ తప్పకుండా వాడాలి. చేతి అంచనాతో బిగించే బోల్టులు కావు ఇవి.

వాల్వుల్ని పేస్టు పెట్టి చేత్తోనే సీట్ల మీద నూరాను. ఈ ఇంజనులో వాల్వులు హెడ్‌లో ఉండవు, సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి. వాల్వుల్ని పైకి నెట్టే ట్యాపెట్ల దగ్గర సర్దుబాటు నట్లు ఉన్నాయి కాబట్టి సందు పెట్టడం తేలిక: ఇన్‌టేక్ 8 నుంచి 10 థౌ, ఎగ్జాస్ట్ 17 నుంచి 20, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. కొన్ని కె301లలో అదురు తగ్గించడానికి రెండు బ్యాలెన్స్ గేర్లు ఉంటాయి. నా ఇంజనులో ఉన్నాయి. వాటి బేరింగ్ అరిగి గేరు ఇరుక్కుంటే బ్లాకు పగిలే ప్రమాదం ఉంది. అందుకే తీసేసి పక్కన పెట్టాను. స్టీరింగ్ కొంచెం ఎక్కువ అదురుతుంది, గంట సేపు గడ్డి కోస్తే అరచేతుల్లో తెలుస్తుంది. నాకది సమ్మతమే.

మార్చి నెలలో ఒక ఆదివారం స్టార్టు చేశాను. మూడో ప్రయత్నంలో అందుకుంది. గ్యారేజి బయట నిలబడి ఫోన్లో నాన్నకు ఆ శబ్దం వినిపించాను. ఐడిల్‌లో ఎక్కువసేపు ఉంచకుండా గడ్డి మీద లోడు మార్చి మార్చి నడిపాను. ఐదు గంటలకు ఆయిల్ మార్చేశాను. పాత ఆయిల్‌లో మెరిసే పొడి కాస్త కనపడింది. రెండోసారి మార్చినప్పుడు అది లేదు.

ఇక వాడకం సంగతి. మొదటి నాలుగు సీజన్లు, ఆయిల్ మార్పుకూ మార్పుకూ మధ్య 25 గంటల్లో డిప్‌స్టిక్ మీద తేడా కనపడలేదు. ఇప్పుడు ఏడో సీజనులో అదే 25 గంటలకు పావు క్వార్టు తగ్గుతోంది. వేసవిలో ఎస్ఏఈ 30 రకం ఆయిల్, మంచు రోజుల్లో చలికి అంతగా చిక్కబడని 5డబ్ల్యూ-30 పోస్తాను. నీలం పొగ ఇంతవరకూ లేదు. బంకమట్టిలో నాగలి లాగేటప్పుడు ఇంతకుముందు మూడోవంతు దూరంలోనే ఊపిరాడనట్టు అయ్యేది. ఇప్పుడు మడి ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ఊపున వెళ్తుంది.

రెండో సీజనులో మాత్రం జూన్ నెల మధ్యలో ఆగిపోయింది. హెడ్ పక్కనుంచి టక్‌టక్‌మని గాలి కొట్టడం మొదలైంది, బలం తగ్గింది. విప్పి చూస్తే హెడ్ గాస్కెట్ ఒక అంచున కాలిపోయింది. తప్పు నాదే. బిగించేటప్పుడు హెడ్ వంకర ఉందేమో చూడలేదు. మందపాటి అద్దం మీద పెట్టి ఫీలర్ గేజి దూర్చి చూస్తే 5 థౌ సందు ఉంది, 3కి మించకూడదు. అదే అద్దం మీద ఎమెరీ కాగితం పరిచి, ఆయిల్ వేసి, ఎనిమిది అంకె ఆకారంలో హెడ్‌ను గంటన్నర రుద్దాను. కొత్త గాస్కెట్ వేసి, బోల్టుల్ని వరుస ప్రకారం కొంచెం కొంచెంగా 30 ఫుట్ పౌండ్ల దాకా బిగించాను. తర్వాత మళ్ళీ ఆ జోలికి పోవాల్సిన అవసరం రాలేదు. ఆ రిపేరుకు పట్టిన వారం రోజుల్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది.

ప్రతి ఏప్రిల్‌లో ఫ్యాన్ కవరు తప్పకుండా విప్పి చూస్తాను. గాలితో చల్లబడే ఇంజను కాబట్టి సిలిండర్ చుట్టూ రేకుల్లా ఉండే ఫిన్నుల మధ్య గాలి ఆడాలి. నాలుగో ఏడు కవరు కింద ఎలుక గూడు దొరికింది, గుప్పెడు ఎండుగడ్డి, ఇన్సులేషన్ దూది. అది చూడకుండా నడిపి ఉంటే ఎండల్లో సిలిండర్ పట్టేసేది. ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ పాయింట్ల సందు 20 థౌకి ఏడాదికోసారి సరిచూస్తాను, ఇప్పటికి ఒక్కసారే మార్చాను. కార్బురేటర్‌లో పెట్రోలు ఖాళీ చేయకుండా ఒక్క చలికాలం వదిలేస్తే జెట్ మూసుకుపోయింది. ఇప్పుడు ఆ పొరపాటు చేయడం లేదు.

పోయిన కిట్‌తో, కొన్న కొలత పనిముట్లతో కలిపి మొత్తం 585 డాలర్లు అయ్యింది, సాయంత్రాలూ శనివారాలూ కలిపి పదకొండు వారాలు పట్టింది. మీ బ్లాకు బాగుండి, దగ్గర్లో పాత ఇంజన్లు తెలిసిన మెషిన్ షాపు ఉంటే చేయమనే చెబుతాను. రాడ్ ఇదివరకే విరిగి బ్లాకు చిల్లు పడి ఉంటే వద్దు, ఇంకో ఇంజను వెతుక్కోండి. సీజను మధ్యలో మాత్రం మొదలుపెట్టకండి.

ఈ ఏడాది ఏప్రిల్‌లో లీక్‌డౌన్ మళ్ళీ చూశాను. ఆయిలు పోసే చోట సన్నగా వినపడుతోంది, వాల్వుల దగ్గర ఏమీ లేదు. ఫ్లైవీల్ వైపు ఆయిల్ సీలు దగ్గర చెమ్మ కనపడుతోంది. కొత్త సీలు తెప్పించి షెల్ఫులో పెట్టాను. గోంగూర విత్తనాలు చల్లడం అయ్యాక ఒక శనివారం మారుస్తాను.