ఆగాకర గింజలు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు కాస్త ఆగండి

ఆగాకర (బోడకాకర) గింజలని చెప్పి నాకు మామూలు కాకర గింజలు అంటగట్టారు. 15 గింజలు, 249 రూపాయలు. తొలకరికి పెరట్లో పాదులు పెడదామనుకునేవాళ్లు ఇది చదివాక ఆర్డర్ పెట్టండి.

మాది రావులపాలెం దగ్గర పల్లె. ఇంట్లో అందరికీ ఆగాకర వేపుడంటే ప్రాణం, బజారు ధరకేమో పావు కిలోతో సరిపెట్టుకోవాలి. ఫోన్‌లో బుట్టనిండా కాయల ఫొటో, కింద 'ప్రతి గింజా కాస్తుంది' అన్న మాట చూసి ఆశపడ్డాను. కవర్ వచ్చాక మా అత్తయ్యగారు ఒక గింజ అరచేతిలో వేసుకుని, "ఇవి కాకర గింజల్లా ఉన్నాయే అమ్మాయ్" అన్నారు. నేను వింటేనా!

బల్లపరుపుగా, ఎండుగడ్డి రంగులో, పెంకు మీద చెక్కుడు పని చేసినట్టు ఉంటే అది కాకర గింజ. ఆగాకర గింజ చిన్నది, నల్లగా, ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. మొలవడానికి కూడా బాగా సతాయిస్తుంది. నావి వారంలోపే లేచాయి. నా చేతి చలవ అనుకుని మురిసిపోయాను కూడా. పందిరంతా అల్లుకుని చివరికి కాకరకాయలు దిగాయి.

అమ్మినతన్ని అడిగితే 'విత్తనాలకు రిటర్న్ లేదు' అని ఒక్క ముక్క. ఆ కవర్ మీద లాట్ నంబర్ లేదు, మొలక శాతం లేదు, పరీక్ష చేసిన తేదీ లేదు. అవి లేని ప్యాకెట్ ఇక ముట్టుకోను.

అసలు గింజలే వచ్చినా ఇంకో తిరకాసు ఉంది. ఆగాకరలో మగ పాదు వేరు, ఆడ పాదు వేరు. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. ఆడ పువ్వు కింద బుల్లి ముళ్ల పిందె ఉంటుంది, మగ పువ్వుకు వట్టి కాడే. వెనకింటి పిన్నిగారి పందిరికి పోయినేడు సాయంత్రమయ్యేసరికి పసుప్పచ్చ పూలు బోలెడు విచ్చుకునేవి. ఒక్క కాయ లేదు, అన్నీ మగవే! 'ప్రతి గింజా కాస్తుంది' అన్నాడంటే అతనికి ఈ సంగతి తెలియదు, లేదా తెలిసే అబద్ధమాడుతున్నాడు. ఆగాకరకు చుట్టమైన వియత్నాం గాక్ పండు గింజలు కొనేవాళ్లకూ ఇదే తంటా, అందులోనూ ఆడా మగా వేరే.

కాబట్టి గింజలు వద్దు, పాదు వేళ్లకు ఊరే దుంపలు తెచ్చుకోండి, ఆడ పాదు దుంపకు ఆడ పాదే వస్తుంది. కాసిన ఆడ పాదు దుంపలు, 8-10 ఆడ పాదులకు ఒక మగది. మన నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది, మట్టి ఎత్తుగా పోసి పెట్టండి. కడియం నర్సరీలు మాకు గంట దూరం కూడా లేవు. వెళ్లి కళ్లారా చూసి, అడిగి తెచ్చుకోవాల్సింది పోయి ఫోన్‌లో కొన్నాను.

ఇంకా 4 గింజలు మిగిలాయి. పోల్చి చూసుకోవడానికి ఎవరికైనా కావాలంటే ఇస్తాను. కాకర మాత్రం బాగానే కాస్తోంది లెండి.