పిక్సీస్: ముందు ‘సర్ఫర్ రోజా’నా, ‘డూలిటిల్’నా?

పిక్సీస్ పేరెత్తితే చాలు, ఎవరైనా అడిగేది ఒకటే: ముందు ఏ ఆల్బమ్ వినాలి? బాస్టన్ రాక్ బృందమని, గుసగుసలోంచి ఒక్కసారిగా అరుపులోకి దూకడం వాళ్ల పద్ధతని, దాన్ని అనుకరించబోయానని నిర్వాణ గాయకుడు కర్ట్ కొబేన్ స్వయంగా ఒప్పుకున్నాడని అడిగేవాళ్లకు ఎలాగూ తెలుసు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

పాటల బలాన్ని బట్టి తేలుద్దామంటే ఈ తగువు తెగదు. రెండింటిలోనూ తీసిపారేయదగ్గవి తక్కువ. నా మటుకు తేడా అంతా రికార్డు చేసిన తీరులో ఉంది. 1988 నాటి ‘సర్ఫర్ రోజా’ను రికార్డు చేసింది స్టీవ్ అల్బీనీ. 1989 నాటి ‘డూలిటిల్’కు నిర్మాత గిల్ నార్టన్.

అల్బీనీ రాయల్టీ, అంటే అమ్మకాల్లో వాటా, తీసుకునే మనిషి కాదు. ఈ పనికి 1,500 డాలర్లు ఏకమొత్తంగా పుచ్చుకున్నాడు. మైకు వాద్యాన్ని మాత్రమే పడితే అతనికి చాలదు, అది మోగుతున్న గది కూడా వినపడాలి. ‘బోన్ మెషీన్’ మొదలును హెడ్‌ఫోన్‌లో వినండి. ఇంకెవరూ లేరు, డ్రమ్స్ ఒక్కటే. డేవిడ్ లవరింగ్ దెబ్బ పడగానే గోడలు దాన్ని తిప్పికొట్టడం తెలుస్తుంది. గది ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ప్రతిధ్వని కోసం యంత్రాన్ని నమ్ముకోకుండా, బేస్ గిటార్ వాయిస్తూ పాడే కిమ్ డీల్ చేత స్టూడియో బాత్రూములో పాడించారు. ‘వేర్ ఈజ్ మై మైండ్?’లో ఎక్కడో దూరం నుంచి తేలివచ్చే ఆ గొంతు అక్కడిదే. పాటల మధ్య స్టూడియోలో దొర్లిన మాటల్ని కూడా తుడిచెయ్యలేదు.

నార్టన్ దారి వేరు. రికార్డింగుకు ముందే బృందం గాయకుడు, పాటల రచయిత బ్లాక్ ఫ్రాన్సిస్‌తో కూర్చుని ఒక్కో పాటను విప్పి చూశాడు. పాటలు మరీ పొట్టిగా ఉన్నాయి, కాస్త పెంచమని పట్టుబట్టాడు. ఫ్రాన్సిస్ అతన్ని రికార్డుల దుకాణానికి తీసుకెళ్లి పాతకాలపు రాక్ గాయకుడు బడీ హాలీ సంకలనం చేతిలో పెట్టాడట. అందులో చాలా పాటలు రెండు నిమిషాల చుట్టూనే ఉంటాయి! చివరికి ‘డూలిటిల్’ 15 పాటలతో 40 నిమిషాల లోపే ముగిసింది. ఖర్చు మాత్రం 40,000 డాలర్ల దాకా పెరిగింది. ఆ డబ్బు వినిపిస్తుంది కూడా. ‘మంకీ గాన్ టు హెవెన్’లో వయొలిన్లు, చెల్లోలు వచ్చి చేరాయి. ‘టేమ్’లో ఫ్రాన్సిస్ ఎంత గొంతు చించుకున్నా బేస్ తన చోటు నుంచి అంగుళం కదలదు. బ్రిటన్ ఆల్బమ్ అమ్మకాల జాబితాలో ఇది 8వ స్థానానికి ఎక్కిందంటే ఈ పొందికకు అందులో వాటా ఉంది.

వాదన ఎందుకు, ఒకే పాటను ఇద్దరి చేతుల్లోనూ వినే వీలుంది. ‘జైగాంటిక్’ను అల్బీనీ ఆల్బమ్ కోసం రికార్డు చేస్తే, అదే ఏడాది సింగిల్ కోసం నార్టన్ మళ్లీ చేయించాడు. సింగిల్ చక్కగా దువ్వినట్టు ఉంటుంది, రేడియోకు సరిగ్గా సరిపోతుంది. ఆల్బమ్‌లోని దానిలో కిమ్ డీల్ బేస్ ఒంటరిగా నడుస్తుంది, గొంతు కాస్త ఎడంగా నిలబడుతుంది, తర్వాత గిటార్లు మీద పడతాయి. రెండూ వరుసగా విన్నాక నేను సింగిల్ వైపు మళ్లీ పోలేదు.

ఇంకో సంగతి కూడా నన్ను ‘సర్ఫర్ రోజా’ వైపే లాగుతుంది. ‘డూలిటిల్’కు వచ్చేసరికి కిమ్ డీల్ పక్కకు జరిగిపోయింది. రచనలో ఆమె పేరు ‘సిల్వర్’ ఒక్కదానికే, అదీ ఫ్రాన్సిస్‌తో కలిసి. ఆ రెండు గొంతుల పెనుగులాట లేని పిక్సీస్ నాకు సగం పిక్సీసే.

అయితే రణగొణ ధ్వని చెవికి అలవాటు లేనివారికి ‘డూలిటిల్’నే ముందు ఇవ్వండి. ‘హియర్ కమ్స్ యువర్ మ్యాన్’ ఎవరినైనా లోపలికి లాక్కొస్తుంది. ‘హే’ దగ్గర ఆగిపోయి మళ్లీ మొదటికి వెళ్లేవారికి ఆ తర్వాత దేనికీ ఒప్పించాల్సిన పని ఉండదు.

మిగతావాటి సంగతి క్లుప్తంగా: ‘కమ్ ఆన్ పిల్‌గ్రిమ్’ ఎనిమిది పాటల చిన్న రికార్డు, ‘సర్ఫర్ రోజా’ పాత సీడీల్లో కలిసే వచ్చేది, దొరికితే అదే కొనండి. ‘బోసనోవా’, ‘ట్రోంప్ లె మోండ్’ తర్వాత తీరిగ్గా వినవచ్చు. 2004లో మళ్లీ కలిశాక చేసిన ఆల్బమ్‌లు వీరాభిమానులకు వదిలేద్దాం.